నలుసుకో సీటు

పరుపులాయన స్థిమితంగా కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. ఆయన ఇంటి పైగది అద్దెకు తీసుకుని ఓ వానాకాలం దాటేదాకా ఉన్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగానే చెప్తున్నాను. భోజనం చేస్తున్నా ఒక కాలు గుమ్మంవైపే పెట్టుకునేవాడు. ఊళ్ళో సగంమందికి నిద్ర కుట్టిపెట్టిన మనిషి, తన ఒంట్లో మాత్రం నిలకడ లేదు. దుకాణంలో దూది ఏకే యంత్రం ఆగితే ఆయనకి తోచదు. ఇంటికొచ్చాక వెనకగదిలోంచి ఎలుకల గోళ్ళ చప్పుడు వినపడకపోతే అసలే తోచదు.

అవును, ఎలుకలే. బస్తాలు కొరికే రకం కాదు. బొటనవేలంత ఒళ్ళు, దారంలాంటి తోక, మిరియపు గింజల్లాంటి కళ్ళు ఉండే చిట్టెలుకలు. తెల్లవి, తేనెరంగువి, బూడిదరంగు ఒంటిమీద తెల్లటి నడికట్టు కట్టుకున్నట్టుండేవి. రంగులకోసం వీటిని పెంచడం చాలా పాత వ్యసనమని ఎక్కడెక్కడో చదివాను. నేను తిరిగిన ఊళ్ళలో పావురాల పిచ్చివాళ్ళు తగిలారు, చేపల పిచ్చివాళ్ళు తగిలారు. పావురాలవాడు ఆకాశం చూస్తూ నడిచి స్తంభాలకి గుద్దుకుంటాడు. చేపలవాడు మాట్లాడడం తగ్గిస్తాడు. ఎలుకలవాడు మాత్రం ఎప్పుడూ జేబులో ఏదో దాచుకున్నవాడిలా ఉంటాడు. చాలాసార్లు నిజంగానే దాచుకుని ఉంటాడు.

వెనకగదిలో మూడు గోడలకీ చెక్క అరలు. అరలనిండా గాజుతొట్లు, వాటి మీద సన్నటి ఇనపజాలీ మూతలు. ప్రతి తొట్టికీ తలకిందులుగా కట్టిన నీళ్ళసీసా, అడుగున రంపపు పొట్టు, మూలన కాగితపు పీలికల గూడు. వాసన గురించి అబద్ధం చెప్పను. మొదటిరోజు పైగది కిటికీలు రెండూ తెరిచి పడుకున్నాను. వారం తిరిగేసరికి ఆ వాసన లేకపోతే ఇల్లు తప్పానేమో అనిపించేది.

ఆయన భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ముక్కుమీద జారే ఫ్రేములు సరిచేయడం, కంటికి కనపడని మరలు బిగించడం ఆవిడ పని. వెనకగదిలోకి మాత్రం అడుగు పెట్టేది కాదు. గుమ్మం అవతల నిలబడే మొగుణ్ణి పిలిచేది.

"పెళ్ళికి ముందు ఈ సంగతి ఆయన చెప్పలేదండీ," అంది నాతో ఒకసారి. "చెప్తే చేసుకోకపోదును అనను. చేసుకునేదాన్నే. కాకపోతే ఇంకాస్త బతిమాలించుకునేదాన్ని."

ఇక మూడో మనిషి. నేను ఆ ఇంట్లో దిగడానికి కాస్త ముందే వచ్చింది, పరుపులాయన అత్తగారు. బతుకంతా బస్సు కండక్టరుగా చేసింది. అందరూ కండక్టరమ్మ అనే పిలిచేవారు, కోపం వస్తే కూతురు కూడా. ఉద్యోగం మానేసినా తన ఊళ్ళో బస్సుడిపోకి ఎదురుగా మేడమీద గది తీసుకుని ఒక్కతే ఉండేది. తెల్లవారుజామున మొదటి బస్సు స్టార్టు చేసే మోతకి లేవడం, కిటికీలోంచి ఏ బస్సు ఆలస్యమైందో చూసి తిట్టుకోవడం ఆవిడ దినచర్య. ఒకరోజు ఆ మేడమెట్ల మీదే జారిపడింది. తుంటి దగ్గర ఎముక బీటవేసింది. ఎముక అతుక్కున్నాక కూతురు వెళ్ళి తీసుకొచ్చేసింది. ఇక నడిస్తేనే నయమవుతుందని డాక్టరు చెప్పాడు.

కండక్టరమ్మ తన ట్రంకుపెట్టె విప్పలేదు. బీరువాలో ఓ అర ఖాళీ చేసిచ్చినా అందులో ఒక్క గుడ్డముక్క పెట్టలేదు. కట్టుకునేవి పెట్టెలోంచి తీసుకోవడం, ఉతికినవి మళ్ళీ పెట్టెలోనే పెట్టించుకోవడం. నా సంచీ కూడా ఎప్పుడూ సర్దే ఉంటుంది కాబట్టి, ఆ పెట్టెని చూడగానే నాకు ఆవిడ సంగతి సగం అర్థమైంది.

"నేను పోతానే," అనేది కూతురితో.

"ఎక్కడికి?"

"నా గదికి. డిపో ఎదురుగా నాకో గది ఉంది, గుర్తుందా?"

"దానికి మెట్లు కూడా ఉన్నాయి, గుర్తున్నాయా?"

ఇది రోజూ జరిగేదే. చివరికి ఒకరోజు కూతురు విసిగిపోయి ఓ షరతు పెట్టింది. "సరే అమ్మా. నీ అంతట నువ్వు మంచం దిగు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధి చివరిదాకా నడువు. ఆ రోజు నేనే బస్సెక్కిస్తాను."

"మాట తప్పితే?"

"తప్పితే నీ కూతుర్ని కాదు."

"అది నాకు మొదట్నుంచీ అనుమానమే," అంది కండక్టరమ్మ గోడవైపు తిరుగుతూ.

ఆవిడకున్న పట్టుదలకి వారంలో లేచి నడుస్తుందనుకున్నాం. లేవలేదు. పగలు ఎవరైనా చెయ్యిచ్చి లేపి కుర్చీలో కూర్చోబెడితే, ఆ కుర్చీలోంచి తనే లేచి నాలుగడుగులు బాగానే వేసేది. మంచం దిగడం మాత్రం చేతకావడం లేదు. "నడుంలో బలం రాలేదింకా," అనేది కూతురు. ఆ మాట విచారంగానే అనేది కానీ, అన్నాక దుప్పటి సరిచేసే చేతుల్లో మాత్రం ఆ విచారం కనిపించేది కాదు. అమ్మ ఇంకో నెల కళ్ళముందుంటుందన్న తృప్తి ఎంత దాచినా దాగదు.

ఇప్పుడు ఆ మంచం మీది పరుపు గురించి చెప్పాలి. అత్తగారు వస్తోందని తెలియగానే పరుపులాయన దుకాణంలో ఎవరికీ అమ్మకుండా దాచుకున్న బస్తా విప్పాడు. పొడుగు పోగున్న పత్తి. వేళ్ళమధ్య లాగితే తెగకుండా సాగే రకం. దాన్ని రెండుసార్లు ఏకించి, మామూలు పరుపుకి రెట్టింపు దళసరిగా నింపాడు. పరుపులో దూది కదలకుండా పొడవాటి దబ్బనంతో అక్కడక్కడా ఈపక్కనుంచి ఆపక్కకి కుట్టి ముడేస్తారు కదా, ఆ ముళ్ళు దగ్గరదగ్గరగా పడితే పరుపు గట్టిగా ఉంటుంది. అత్తగారికి గట్టిగా ఉండకూడదని ముళ్ళు బాగా ఎడంగా వేశాడు. "మబ్బు మీద పడుకున్నట్టు ఉంటుంది," అని నాతో గర్వంగా చెప్పుకున్నాడు. మబ్బు మీద పడుకున్నవాళ్ళెవరూ నాకు తెలియదు కాబట్టి ఊరుకున్నాను.

మంచానికే అతుక్కుపోయిన మనిషికి తోచుబడి కోసం ఆయనో ఉపాయం చేశాడు. కొత్తగా ఈనిన తేనెరంగు ఎలుక తొట్టిని తీసుకొచ్చి మంచం పక్కన బల్లమీద పెట్టాడు. తల్లి గింజలు తినడానికి గూడు వదిలి వెళ్ళినప్పుడు పుల్లతో కాగితాలు తొలగించి లోపల చూపించాడు. చిక్కుడు గింజల్లాంటి పిల్లలు, ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని ఒకదానిమీద ఒకటి.

కండక్టరమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. "ఆ పక్కన పడుందే, అదేమిటి? పిల్లేనా, గింజా?"

"పిల్లేనండి. ఈనినప్పుడే చిన్నది. దక్కదు."

"ఎవరు చెప్పారు దక్కదని?"

"పొట్ట చూడండి." భార్య తన దుకాణంనుంచి తెచ్చిన భూతద్దాన్ని ఆయన ఆవిడకి అందించాడు. ఎలుకపిల్లల చర్మం ఎంత పల్చనంటే, తాగిన పాలు పొట్టలో తెల్లటి మచ్చలా పైకే కనిపిస్తాయి. మిగతా పిల్లలన్నిటికీ ఆ మచ్చ ఉంది. దానికి లేదు. "తాగలేదన్నమాట. మిగతావాళ్ళు తోసేస్తారు. ఇలాంటిదాన్ని ముందే తీసేస్తాం, మిగతావాటికైనా పాలు సరిపోతాయని."

తీసేస్తాం అంటే ఏమిటో ఆవిడ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఎలుకలు పెంచేవాళ్ళందరూ చేసే పనే అది. ఆయనా ఇదివరకు చేసినవాడే. ఆయనకి మొదటి జంటనిచ్చిన గడియారాల రిపేరాయన ఆ మధ్యాహ్నమే వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఇంకా ఉంచావేమిటి? రేపటికి అదే పోతుంది, ఈలోగా తల్లికి దండగ."

"గడియారాలాయన గారూ," అంది మంచం మీంచి కండక్టరమ్మ, "ఆలస్యంగా నడిచే గడియారాన్ని మీరు చెత్తలో వేస్తారా?"

"అదీ ఇదీ ఒకటేనా అండీ?"

"కాదు. గడియారానికి ఆకలి వెయ్యదు." అల్లుడివైపు తిరిగింది. "దాన్ని ముట్టుకుంటే ఊరుకోను. నలుసంత ప్రాణం. అది కళ్ళు తెరిచేదాకా దాని పూచీ నాది."

అలా దానికి నలుసు అనే పేరు స్థిరపడింది.

పరుపులాయన మొదట తనకి తెలిసిన పద్ధతే చేశాడు. సన్నటి రంగులకుంచె కొసని గోరువెచ్చటి పాలలో ముంచి నలుసు మూతికి తాకించాడు. పాలు నోట్లోకి పోకుండా ముక్కులోకి పోయాయి. బుడగ వచ్చింది. ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ ముంచాడు, మళ్ళీ బుడగ. లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, గదిలో ఆ గోడనుంచి ఈ గోడకి తిరిగాడు. కాలుగాలిన పిల్లిలా అనబోయాను గాని, ఆ ఇంట్లో ఆ పోలిక బాగుండదు.

కండక్టరమ్మ చాలాసేపు చూసింది. "అల్లుడుగారూ, బస్సులో నిలబడలేక తూలుతున్నవాడికి మీరు మంచినీళ్ళు పట్టిస్తున్నారు. వాడికి కావలసింది నీళ్ళు కాదు, సీటు."

"అంటే?"

"ఆ బలిసినవాళ్ళున్నారే, పొట్టనిండా తాగి కూడా తల్లిని వదలనివాళ్ళు. వాళ్ళని దించండి. దీన్ని ఎక్కించండి. కాసేపయ్యాక మళ్ళీ వాళ్ళనీ ఎక్కిద్దాం. ఎవరిదీ శాశ్వతమైన సీటు కాదు."

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళూ బలహీనమైనదాన్ని తీసేయడమే తెలుసు గాని, బలమైనవాళ్ళని కాసేపు పక్కన పెట్టడం ఆయన బుర్రకి తట్టలేదు. తల్లి నలుసుని కాదనకుండా చేతులకి గూటి వాసన పట్టించాలని మాత్రం ఆయనకి తెలుసు. గూట్లోని కాగితపు పీలికలు తీసి అత్తగారి చేతికిచ్చాడు. "ఇవి బాగా అరచేతులకి రుద్దుకోండి. అంతకన్నా ముందు సబ్బుతో కడుక్కోండి. మీ నొప్పుల మందు వాసనకి తల్లి పారిపోతుంది."

"మీ మావగారూ అదే అనేవారు," అంది ఆవిడ, చేతులు ముందుకు చాపుతూ.

పొద్దునా సాయంత్రమూ ఇదే పని. బలిసిన పిల్లలని ఒక్కొక్కటిగా తీసి, అడుగున వేడినీళ్ళసీసా పెట్టిన రేకుడబ్బాలో వేయడం. నలుసుని తల్లి పొట్ట దగ్గర పెట్టడం. "దిగండి, దిగండి, వెనకాల జనం ఉన్నారు," అని సన్నగా గొణుగుతూ కండక్టరమ్మ పని చేసుకుపోయేది. మూడోరోజో నాలుగోరోజో, భూతద్దంలో చూస్తే నలుసు పొట్టమీద ఆవగింజంత తెలుపు. ఆయన నన్ను పైనుంచి పిలిచాడు. నేను వెళ్ళి చూశాను. ఊళ్ళు తిరుగుతూ చాలా పెద్దపెద్ద సంగతులు చూశాననుకుంటాను. అందులో చాలావాటిని మరిచిపోయాను గాని, ఆ తెలుపుచుక్క ఇప్పటికీ గుర్తుంది.

ఆ సంబరంలోనే ఆయన ఒక పని చేశాడు. మిగతా గూళ్ళన్నిటిలో కాగితపు పీలికలే కదా, నలుసుకి ఇంకా వెచ్చగా ఉండాలని దుకాణంనుంచి గుప్పెడు దూది తెచ్చి గూట్లో పరిచాడు. అత్తగారి పరుపు కుట్టిన బస్తాలోదే, పొడుగు పోగు. తల్లిఎలుక ఆ దూదిని లాగి, పీకి, గుండ్రంగా చుట్టి, పిల్లల్ని అందులో దాచింది. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంది.

పిల్లలకి బొచ్చు వచ్చింది. పెద్దవి కళ్ళు విప్పి తొట్టంతా గంతులేశాయి. నలుసు కూడా కాస్త ఆలస్యంగా ఒక కన్ను తెరిచింది, రెండో కన్ను మర్నాటికి. "ఒక లైటే వెలుగుతున్న బస్సులా ఉంది," అని కండక్టరమ్మ నవ్వింది. కళ్ళు తెరిచేదాకానే పూచీ అన్నది గాని, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మంచం మీదే ఉంది. రాత్రి వెనకగదికి చేర్చిన తొట్టిని పొద్దున్నే అల్లుడు మళ్ళీ తెచ్చేదాకా పైకప్పు చూస్తూ పడుకుని ఉండేది. రానురాను మాట తగ్గింది. "ఊపిరాడటం లేదే ఈ ఇంట్లో," అనేది. కిటికీ తెరిచేవారు. "కిటికీ కాదు," అనేది. ఇంకేమిటో చెప్పేది కాదు.

ఒక ఆదివారం పొద్దున పరుపులాయన మొహం పాలిపోయి కనిపించాడు. నలుసు వెనకకాలు ఈడుస్తోంది. పాదం ఉబ్బి నల్లబడుతోంది. గడియారాలాయనకి కబురెళ్ళింది. ఆయన వచ్చి, "పుట్టుకలోనే లోపం. చెప్పానా లేదా? ఇంకా నొప్పి పెట్టకు దాన్ని," అని ఈసారి కాస్త మెత్తగానే చెప్పి వెళ్ళిపోయాడు. పరుపులాయన వెనకగదిలోకి వెళ్ళాడు, వచ్చాడు. వీధిలోకి వెళ్ళాడు, వచ్చాడు. ఏం చేయాలో ఆయనకి తెలుసు, చెయ్యాలంటే చేతులు రావడం లేదు.

"ఇలా తెండి," అంది కండక్టరమ్మ.

నలుసుని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆ కాలిని పైనుంచి కిందికి మెల్లగా తడిమింది. ఒకదానికొకటి అంటుకున్న రెండు టిక్కెట్లని చూడకుండానే విడదీసిన వేళ్ళవి. పాదానికి కాస్త పైన ఆగిపోయాయి.

"ఇక్కడేదో బిగిసి ఉంది. చుట్టుకున్నట్టుంది."

భూతద్దం వచ్చింది. భూతద్దంతోపాటు కూతురూ వచ్చింది. చూసి తన పనిసంచీ తెచ్చుకుంది. కళ్ళజోళ్ళ మరలు పట్టే పట్టకారు, సన్నటి కత్తెర. ఎలుక అంటే గుమ్మం దాటని మనిషి మంచం అంచున కూర్చుని, "అమ్మా, గట్టిగా పట్టుకో. మీరు దీపం ఇటు తిప్పండి. చెయ్యే కాదు, ఊపిరి కూడా కదలకూడదు," అంది. దీపం పట్టుకున్నది పరుపులాయన.

పట్టకారు కొస ఉబ్బిన చర్మం మడతలోకి దిగింది. ఒకసారి జారింది. రెండోసారి ఏదో పైకి లేచింది. కత్తెర చిన్నగా చప్పుడు చేసింది. ఆవిడ ఆ పట్టకారుని వెలుగుకి ఎత్తి చూపించింది. కంటికి ఆనీ ఆనని తెల్లటి పోగు.

"దూది," అంది. "ఎక్కడిది ఇది?"

పరుపులాయన దీపం బల్లమీద పెట్టి, తొట్టిలో చెయ్యిపెట్టి ఆ ముచ్చటైన గూటిని మొత్తంగా బయటికి లాగాడు. ఉండలు చుట్టిన దూది. వేళ్ళతో లాగితే తెగకుండా సాగుతోంది. పిల్లలు దొర్లినప్పుడల్లా ఆ పోగులు కాళ్ళకి చుట్టుకుంటాయి. బలమైనవి తన్నుకుని బయటపడతాయి. బలం లేనిది ఎంత కదిలితే అంత బిగుస్తుంది. కాగితం పీలికైతే చిరిగిపోయేది. ఎలుకల గూట్లో ఇంత ఖరీదైన దూది వేసే పొరపాటు వేరే ఎవరైనా చేద్దామన్నా చేయలేరు. అది ఎవరిళ్ళలో ఉంటుంది?

"నా దుకాణంలోదే," అన్నాడు చివరికి. "ఉన్నవాటిలో మంచిది."

నలుసు బతికింది. పాదంలో ముందుభాగం ఎండి రాలిపోయింది. మిగిలిన దాంతోనే కుంటుకుంటూ తిరగడం నేర్చుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం, భార్య పనిలో ఉన్నప్పుడు, పరుపులాయన ఏదో మరిచిపోయి దుకాణంనుంచి ఇంటికొచ్చాడు. అత్తగారి గది తలుపు ఓరగా ఉంది. లోపల ఆవిడ మంచం దిగడానికి ప్రయత్నిస్తోంది. మోచెయ్యి ఆనించింది, మోచెయ్యి పరుపులోకి దిగిపోయింది. కాళ్ళు అంచుదాకా తెచ్చింది, నడుం గుంటలో ఉండిపోయింది. పక్కకి దొర్లింది, దూది రెండువైపులా లేచి మళ్ళీ మధ్యకే తోసింది. చప్పుడు లేకుండా, ఎవరినీ పిలవకుండా, మళ్ళీ మళ్ళీ. చివరికి ఆగి, తనకి పడుకోవాలనే ఉన్నట్టు చేతులు పొట్టమీద పెట్టుకుని పైకప్పు చూసింది.

ఆయన అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి, దుకాణానికి వెళ్ళకుండా నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు చాలాచోట్ల పడుకుని ఉంటారు. ఏ పక్కమీంచి లేవడం సుళువు?"

"రైల్వేస్టేషను బల్ల," అన్నాను. "మెత్తటి పరుపు దొరికిన ఊళ్ళోంచి నేనెప్పుడూ అనుకున్న రోజున బయల్దేరలేదు."

"అదే," అన్నాడు. కిటికీదాకా వెళ్ళొచ్చాడు. "ఆవిడకి నడుంలో బలం లేక కాదు. నేను ఆవిణ్ణి గోతిలో పడేశాను. నలుసు కాలికున్నదానికంటే పెద్దపోగు ఆవిడ నడుముకి చుట్టాను."

"ఇప్పుడు తెలిసింది కదా."

"తెలిసింది. గట్టి పరుపు వేస్తే లేస్తుంది. లేస్తే నడుస్తుంది. నడిస్తే వెళ్ళిపోతుంది, ఆ మెట్ల దగ్గరికే. మళ్ళీ పడితే?" ఈసారి గుమ్మందాకా వెళ్ళొచ్చాడు. "ఊరుకున్నాననుకోండి. మా ఆవిడకి అమ్మ ఉంటుంది. నాకు కూడా..." అని ఆగి, "తొట్టి పట్టుకెళ్ళే చోటొకటి ఉంటుంది," అన్నాడు.

సంచీ సర్దుకుని కూర్చున్నవాణ్ణి అడగదగ్గ ప్రశ్న కాదది.

మర్నాడు ఆయన దుకాణం తెరవలేదు. భార్య పనికి వెళ్ళగానే అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, పరుపుని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి, ముళ్ళు తెగ్గొట్టడం మొదలుపెట్టాడు. కండక్టరమ్మ కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని పెరటి గుమ్మందాకా వచ్చింది.

"నా పరుపు చింపుతున్నారా? నన్ను పొమ్మని చెప్పాలంటే ఇంతకన్నా మర్యాదైన పద్ధతులున్నాయి అల్లుడుగారూ."

"పొమ్మనడం లేదండి," అన్నాడు తలెత్తకుండా. "దిగేదారి పెడుతున్నాను."

ఆవిడ ఓ పీట లాక్కుని కూర్చుని చూసింది. సగానికి పైగా దూది బయటికి తీసేశాడు. మిగిలినదాన్ని పొరలు పొరలుగా పరిచి, కర్రతో కొట్టి, పల్చగా అణిచాడు. ముళ్ళు జానెడుకొకటి కూడా కాదు, ఇంకా దగ్గరగా వేశాడు. దబ్బనం దిగనన్నప్పుడల్లా పరుపుమీద మోకాలు పెట్టి లాగాడు. తన చేత్తో ఇంత గట్టి పరుపు ఎప్పుడూ కుట్టి ఉండడు. సాయంత్రానికి అది మంచంమీద ఉంది. చెయ్యి వేస్తే బల్లమీద వేసినట్టుంది.

తెల్లారి ఆయన వెనకగదిలో నీళ్ళసీసాలు మారుస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "తలుపు దగ్గర నిలబడకండి, లోపలికి జరగండి." కండక్టరమ్మ, ఎవరి చెయ్యీ లేకుండా. ఆ గదిలోకి ఆవిడ రావడం అదే మొదలు. ముక్కు ఎగబీల్చి, "అసలు వాసనంతా ఇన్నాళ్ళూ ఇక్కడ దాచారన్నమాట," అంది.

కూతురికి ఆ సాయంత్రం తెలిసింది. నేను పైనుంచి దిగుతూ మెట్ల మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. వాళ్ళు గొంతులు పెంచలేదు. అదే కష్టంగా ఉంది వినడానికి.

"మీరు తెలిసే చేశారా ఇది?"

"తెలియక చేసింది మొదటి పరుపు. ఇది తెలిసే చేశాను."

"నాతో ఒక్కమాట అనాలనిపించలేదా?"

"అంటే వద్దంటావు."

"అంటానేమో. అననిచ్చి ఉండాల్సింది." ఆవిడ వెళ్ళి ఆ పరుపుమీద అరచెయ్యి వేసి నొక్కి చూసినట్టుంది. "ఇంత గట్టిదాని మీద పడుకోవాలని ఉందని అమ్మ ఎప్పుడైనా చెప్పిందా?"

"ఎవరం అడిగాం?"

ఆ తర్వాత చాలారోజులు ఆవిడ ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. మాట మాత్రం తప్పలేదు. ఒక పొద్దున తల్లీకూతుళ్ళు వీధి చివరిదాకా నడిచారు. కండక్టరమ్మ మెల్లగా, కాస్త ఓ పక్కకి ఒరుగుతూ, బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డట్టు నడిచింది. కూతురు పక్కనే, తన చేతులు తనే వీపువెనక గట్టిగా పట్టుకుని. వదిలేస్తే అవి తల్లికేసి వెళ్ళిపోతాయని భయం కాబోలు.

వెళ్ళేరోజున ట్రంకుపెట్టె సర్దే పని లేదు. పరుపుని చుట్టగా చుట్టి తాడుతో కట్టాడు పరుపులాయన. నలుసునీ, తోడుగా దాని అక్కల్లో ఒక లావుపాటిదాన్నీ జాలీమూత పెట్టెలో పెట్టిచ్చాడు. ఒక్కదాన్నే ఉంచితే బెంగపెట్టుకుంటుందని, నీళ్ళసీసా రోజూ మార్చాలని, గూటికి కాగితం తప్ప ఇంకేదీ వేయొద్దని అప్పగింతలు చెప్పాడు.

"ఇన్ని రూల్సు మా డిపోలో కూడా లేవు," అంది ఆవిడ. తర్వాత, ఆయనవైపు చూడకుండా, "మెట్లకి రెండోవైపు కూడా కమ్మీ వేయించుకుంటానులెండి. మీ ఆవిడకి చెప్పండి, నాకు చెప్పడం చేతకాదు," అంది.

బస్టాండుకి నేనూ వెళ్ళాను. పరుపుచుట్ట బస్సు పైకి ఎక్కింది. ఆవిడ మెట్లు తనే ఎక్కింది. ఒక మెట్టు, ఆగి, ఇంకో మెట్టు. కండక్టరు కుర్రవాడు కిటికీపక్క సీటు చూపించి కూర్చోమన్నాడు. ఆవిడ ఆ సీట్లో ఎలుకలపెట్టె పెట్టింది. పెట్టి, దాని పక్కన నిలబడి, పైనున్న కమ్మీ పట్టుకుంది. కుర్రవాడు ఏదో అన్నాడు. ఆవిడా ఏదో అంది. అతను నవ్వుతూ ముందుకి వెళ్ళిపోయాడు.

"కూర్చోమనండి ఆవిణ్ణి," అంది కూతురు. చాలారోజుల తర్వాత మొగుడితో తనంతట తాను అన్న మాట అది. "మీరు చెప్తే వింటుంది. చెప్పండి."

పరుపులాయన చెప్పలేదు. బస్సు కదిలింది. ఆయన అత్తగారి మొహం చూడడం లేదు. కిటికీలకి కిందుగా, తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్నంతసేపూ ఆవిడ కాళ్ళే చూస్తున్నాడు. బస్సు మలుపు తిరుగుతుంటే ఒక కాలు కాస్త ఎడంగా జరిగింది, బరువు దానిమీదికి మారింది, మళ్ళీ రెండూ సమంగా నిలబడ్డాయి. అప్పటిదాకా తను కూడా ఒంటికాలిమీదే ఉన్నానని ఆయన గమనించినట్టు లేదు. మెల్లగా రెండో పాదం నేలమీద ఆనించాడు.